చీరను తిరగేసి చూస్తే: నెల్లూరు, ప్రకాశం నేతను చదవడం

వెంకటగిరి చీర కొనేటప్పుడు నెల్లూరు వైపు పెద్దావిడలు ముందు కొంగు తిరగేస్తారు. బుటా వెనక బొటనవేలితో నెమ్మదిగా రాస్తారు. కత్తిరించిన పోగుల కొసలు గరుగ్గా తగిలితే ఆ చీర పక్కకు పోతుంది. వెనకవైపు కూడా ముందువైపులాగే నున్నగా ఉంటేనే ధర అడుగుతారు. కొట్టులో ఇది అర నిమిషం పని. పాత వస్త్రాలను అధ్యయనం చేసేవాళ్లు నేర్చుకోవలసిన మొదటి పాఠం మాత్రం ఆ అర నిమిషంలోనే ఉంది.

ఆ వేలికి ఏం తెలుస్తుందో చూద్దాం. వెంకటగిరి బుటాలు నేసే జాందానీ పద్ధతిలో ప్రతి బుటాకూ విడిగా ఒక చిన్న కండె (నూలు చుట్టిన పుల్ల) ఉంటుంది. నేతగాడు పడుగు పోగుల్లో, అంటే నిలువు పోగుల్లో, అవసరమైనన్నిటిని చేత్తో లేపి, ఆ కండె పోగును బుటా వెడల్పు మేరకే దూర్చి, మళ్లీ వెనక్కి తిప్పుతాడు. బుటా చిలక బొమ్మ అయితే, ముక్కు దగ్గర మొదలైన పోగు తోక దగ్గరే తిరిగిపోతుంది, పక్క బుటా దాకా వెళ్లదు. అందుకే వెనక వేలాడే పోగు ఉండదు. పెద్ద పని ఉన్న చీరకు ఇద్దరు పక్కపక్కన కూర్చుని చెరో సగం నేస్తారు. మరమగ్గం మీద అదే చిలక దించితే బుటా పోగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరిగెడుతుంది. బుటాకూ బుటాకూ మధ్య వెనకాల వదులుగా వేలాడే ఆ పోగును తర్వాత కత్తెరతో తీసేస్తారు. వేలికి తగిలే గరుకు అదే. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డిజైనుకు తగ్గట్టు పోగులను లేపే జకార్డు యంత్రం బిగించిన చేనేత మగ్గం మీద నేసినవాటిలోనూ ఇలా కత్తిరించిన కొసలు ఉండొచ్చు. కాబట్టి నున్నటి వెనకవైపు చెప్పేది జాందానీ సంగతి. చేనేతా, మరమగ్గమా అన్న ప్రశ్నకు అదొక్కటే జవాబు చెప్పలేదు.

చీరాల కుప్పడం చీరకు పరీక్ష వేరు. అక్కడ చూడాల్సింది అంచు, ఒడలు (చీర మధ్యభాగం) కలిసే చోటు. ఎర్ర అంచు, పచ్చ ఒడలు ఉన్న చీరను ఒక్క నాడెతో (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే సాధనం) నేస్తే ఒడలి పచ్చ పేక, అంటే అడ్డపోగు, అంచులోకి కూడా పోతుంది. అంచు నిలువునా ఎర్రగా, అడ్డంగా పచ్చగా ఉండి, ఎండలో పట్టుకుంటే ఎరుపులోంచి పచ్చ తొంగి చూస్తుంది. కుప్పడంలో మూడు నాడెలు ఆడతాయి. ఒడలికి ఒకటి, ఆ అంచుకు ఒకటి, ఈ అంచుకు ఒకటి. ప్రతి వరుసలోనూ ఒడలి పోగు, అంచు పోగు ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుని వెనక్కి తిరుగుతాయి. అందుకే అంచు రంగు కల్తీ లేకుండా నిలుస్తుంది. ఆ కలిసే గీత మీద గోటితో గీస్తే సన్నటి కట్టలా తెలుస్తుంది.

ఇవన్నీ చెప్పడం వెనక ఒక వాదన ఉంది. నెల్లూరు, ప్రకాశం ప్రాంతపు నేత గురించి రాసేవాళ్లు ఎక్కువగా చీర ముందువైపే రాస్తున్నారు: రాజుల ఆదరణ, జరీ, నెమళ్లు, మామిడి పిందెలు. బుటా బొమ్మ ఎక్కడికీ పోదు. ఒక ఫొటో ఉంటే చాలు, వందేళ్ల తర్వాతైనా మళ్లీ గీసుకోవచ్చు. ముందుగా పోయేది బొమ్మకు వెనకాల ఉన్న పని: నూలు సిద్ధం చేయడం, గంజి పెట్టడం, రంగు పట్టించడం, పోగు లెక్క. ఆ పని తెలిసిన చేయి ఒక తరం ఆగిపోతే తిరిగి రావడం చాలా కష్టం. మన జిల్లాల్లోనే దానికి నిదర్శనం ఉంది, ముందుకెళ్లాక చెప్పుకుందాం.

ముందు పోగు లెక్క. నూలుకు నంబరు ఉంటుంది. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని తూగితే అది అంత నంబరు. 100 నంబరు నూలు అంటే ఒక పౌనులో 84,000 గజాలు. కిలోకు లెక్కేస్తే దాదాపు 169 కిలోమీటర్లు. నెల్లూరులో ఒక కొస పట్టుకుంటే కిలో నూలు ఇంచుమించు చెన్నై పొలిమేర దాకా సాగుతుందన్నమాట. ఇప్పుడు 46 అంగుళాల పన్నా, రవికెతో కలిపి 6 మీటర్ల పొడవున్న చీరను ఊహించండి. అంగుళానికి 80 పడుగు పోగులు, 80 పేక పోగులు అనుకుందాం. నిలువున 3,680 పోగులు పడతాయి. అడ్డంగా నాడె 18,880 సార్లు అటూ ఇటూ పోవాలి. మొత్తం నూలు 44 కిలోమీటర్లు, బరువు పావు కిలో కన్నా కాస్త ఎక్కువ. జరీ, బుటా ఈ లెక్కలో లేవు. వెంకటగిరి చీర కట్టుకుంటే బరువే తెలియదని అందరూ అంటారు. ఆ తేలికతనం లోపల నాడె దాదాపు పందొమ్మిది వేలసార్లు తిరిగిందని ఎవరికీ గుర్తుండదు.

అంత సన్నటి నూలు మగ్గమెక్కితే తెగకుండా ఉండాలి. అందుకు రెండు ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిది గుంట. గుంటమగ్గం దగ్గర నేతగాడు నేల అంచున కూర్చుని కాళ్లు గుంటలోకి దించి తొక్కుడుకట్టెలు తొక్కుతాడు. పడుగు నేలకు దగ్గరగా ఉంటుంది కనుక గుంటలోని తేమ నూలుకు మెత్తదనం ఇస్తుంది. ఆ గుంటే వానాకాలంలో శత్రువవుతుంది. తుపాను పట్టినప్పుడు చీరాల, వేటపాలెం వైపు ఇళ్లలో గుంటల్లోకి నీళ్లొచ్చి పని ఆగిపోవడం కొత్త సంగతి కాదు. రెండో ఏర్పాటు గంజి. తెల్లవారుజామునే వీధిలో పడుగు బారుగా చాచి, గంజి పట్టించి, ఇద్దరు చెరోవైపు నిలబడి పెద్ద కుంచెతో దువ్వుతూ వస్తారు. ఒక పోగుకు ఇంకో పోగు అంటుకోకూడదు. గంజి చిక్కనైతే పోగు పెళుసెక్కుతుంది, పలచనైతే మగ్గం మీది దువ్వెనలాంటి అచ్చులో ఒరుసుకుని నూగు లేస్తుంది. ఎండ ముదరకముందే పని తెమలాలి. పాత నేత ఊళ్లలో వీధులు పొడుగ్గా, తిన్నగా ఉండటం ఈ పనికి ఎంత అవసరమో అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. సిమెంటు రోడ్డు పడి, బైకులు, ఆటోలు తిరిగే వీధిలో ఇక పడుగు ఎక్కడ చాచాలి? చేనేత సమస్యల గురించి మాట్లాడేవాళ్లు నూలు ధర చెబుతారు, మార్కెటింగ్ చెబుతారు. వీధి సంగతి అరుదుగా చెబుతారు.

చిలప విప్పడం, రాట్నం మీద కండెలు చుట్టడం, పడుగు పోయడం, పాత పడుగు కొసకు కొత్త పడుగును పోగుపోగుగా అతకడం, ఇవన్నీ ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ల మీదా, ముసలివాళ్ల మీదా ఉంటాయి. మూడు వేల ఆరువందల పోగులు అతకడం అంటే మూడు వేల ఆరువందల సార్లు బొటనవేలు, చూపుడువేలి మధ్య మెలి తిప్పడం. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణన దేశం మొత్తం మీద 35.22 లక్షల మంది పనివాళ్లను లెక్కించింది. వాళ్లలో 8.48 లక్షల మందిని 'అనుబంధ పనివాళ్లు' అని వేరే గడిలో పెట్టింది. లెక్క కోసం ఆ గడి అవసరం కావచ్చు. కానీ చీర నాణ్యత సగం తేలిపోయేది ఆ అనుబంధ పనిలోనే. మగ్గం మీద కూర్చున్నవాడి పేరైనా ఎక్కడో ఒకచోట సొసైటీ పుస్తకంలో ఉంటుంది. కండె చుట్టిన ఆమె పేరు, ఆమె గంజి పాళ్లు ఏ పుస్తకంలోకీ ఎక్కవు.

ఇక ఇందాక చెప్పిన నిదర్శనం. చీరాల ఒకప్పుడు తేలియా రుమాళ్లకు పేరు మోసింది. చతురస్రపు గుడ్డ, ఎరుపు, నలుపు, తెలుపు రంగులు. పడుగునూ పేకనూ రెంటినీ నేయకముందే ముడులు కట్టి అద్దకం వేసి, నేసేటప్పుడు ఆ మచ్చ ఈ మచ్చ మీద సరిగ్గా కూర్చునేలా కలపాలి. గల్ఫ్ దేశాల్లో తలపాగాకూ, తల మీద కప్పుకోవడానికీ వాడేవారు. ఇక్కడ జాలర్లు, పశువుల కాపరులు తలకు చుట్టుకునేవారు, భుజాన వేసుకునేవారు, నడుముకు కట్టుకునేవారు. మొదట గళ్లు, చుక్కలు, నక్షత్రాలే. 20వ శతాబ్దంలోకి వచ్చేసరికి గడియారాలు, విమానాలు, గ్రామఫోన్లు కూడా ఆ గళ్లలోకి చేరాయి.

'తేలియా' అంటే నూనెది. ఆ పేరే అసలు విషయం చెబుతుంది. ముందుగా ఆముదపు కాయల పొట్టును కాల్చి బూడిద చేస్తారు. దాన్ని నీళ్లలో కలిపి తేర్చితే క్షారం వస్తుంది. ఆ తేటలో నూనె కలిపితే పాలలా తెల్లగా మారుతుంది. నూలును అందులో నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, రోజుల తరబడి ఇదే చేస్తారు. నూనె జిడ్డుగా పైన నిలవకుండా దూదిపోగు లోపలికి చేరుకుంటుంది. తర్వాత పటికతో కలిసి ఎరుపుకు గట్టి పట్టు ఇస్తుంది. నూనె తాగిన పోగు మీద పడ్డ ఎరుపు ఎన్ని ఉతుకులకూ వదలదు. పైగా వేడిలో తల మీద చల్లగా ఉంటుందని వాడినవాళ్లు చెప్పేవారు. ఈ తీరంలో ఇంకా పాతకాలపు ఎరుపు చిరివేరుది. ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. 1869 తర్వాత కృత్రిమ అలిజరిన్ బజారులోకి రావడంతో వేరు తవ్వే పని తగ్గిపోయింది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. రంగు మారినా నూనె పని అలాగే నిలిచింది. ఎరుపు డబ్బాలో దొరికినా దాన్ని పోగుకు పట్టించే చేయి మాత్రం చీరాలదే.

20వ శతాబ్దం తొలి దశకాల్లో ఈ విద్య చీరాల నుంచి నల్గొండ వైపు పోయింది. పుట్టపాక, చౌటుప్పల్ ప్రాంతపు నేతగాళ్లు నేర్చుకున్నారు, నిలబెట్టుకున్నారు, చీరల మీదికి కూడా తెచ్చారు. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు పుట్టపాకకు వచ్చింది. అందులో అన్యాయం ఏమీ లేదు, పని చేస్తున్నవాళ్లకు గుర్తింపు దక్కింది. కానీ చీరాలకు ఏం మిగిలిందో చూడండి. రుమాలు బొమ్మలు ఈ రోజు ఎవరైనా ఫోన్లో చూడొచ్చు. ఆముదపు బూడిద ఎంత, నూనె ఎంత, ఎన్నోసారి నానబెట్టినప్పుడు నూలు వాసన మారుతుంది, ముట్టుకుంటే ఎలా ఉన్నప్పుడు ఆపాలి, ఇవి చీరాల వీధుల్లో అడిగితే చెప్పేవాళ్లు కరువయ్యారు. బొమ్మ మిగిలింది, నూనె పని పోయింది. చీరను ముందువైపు నుంచి మాత్రమే చూసే చరిత్రకు ఈ నష్టం కనిపించదు.

ఈ తీరపు బట్ట పేరు సముద్రం మీదుగా ప్రపంచానికి తెలిసింది. కాకతి గణపతిదేవుడు 1244లో చీరాల దగ్గరి మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే పద్ధతి మాని, సుంకం మాత్రమే తీసుకుంటామని విదేశీ వర్తకులకు హామీ ఇచ్చాడు. తిక్కన జీవించిన కాలం అది. ఆ శతాబ్దం చివర్లో ఈ వైపు వచ్చిన మార్కో పోలో మోటుపల్లిని ముత్ఫిలి అన్నాడు. అక్కడి సన్నబట్టను సాలెగూడుతో పోల్చాడు. ఇటలీవాడు బట్టను చూసి సాలెగూడు అన్నాడు. తెలుగువాళ్లు ఆ పురుగును చూసి సాలెవాడిని తలుచుకుని సాలెపురుగు అని పేరు పెట్టారు. నేత ఈ భాషలో ఎంత లోతుకు దిగిందో చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు. పడుగుపేకల్లా కలిసిపోయారని ఇప్పటికీ అంటాం, మగ్గం ఎప్పుడూ చూడనివాళ్లం కూడా.

దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. ఆ ఊరి గళ్ల రుమాలుకు ఇంగ్లీషులో ఊరి పేరే నిలిచిపోయింది. ఇంగ్లీషువాళ్లు 1626లో దుగరాజపట్నంలో స్థావరం పెట్టారు. వాళ్ల కాగితాల్లో అది ఆర్మగాన్. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి 1639లో మద్రాసు చోటు సంపాదించాడు. అక్కడ బట్ట చవకగా, బాగా దొరుకుతుందన్నది ముఖ్యమైన కారణం. మద్రాసు నగరం పుట్టుక వెనక కోట, రేవు, రాజకీయం ఎన్ని ఉన్నా నూలుపోగు ధర కూడా ఉందని మరిచిపోకూడదు. తర్వాతి కాలంలో చీరాల చుట్టుపక్కల నేసిన గళ్ల బట్ట మద్రాసు రుమాలు పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లింది. నైజీరియాలో కలబారి స్త్రీలు ఆ గళ్ల బట్టలోంచి కొన్ని పోగులను బ్లేడుతో కత్తిరించి, లాగేసి, బట్ట మీద కొత్త డిజైను పుట్టిస్తారు. ఆ బట్టను పెలెటె బిటె అంటారు. చీరాల నేతగాడు కష్టపడి కలిపిన పోగులను వాళ్లు ఒక్కొక్కటిగా విడదీసి అలంకారం చేసుకున్నారు. నేసినవాళ్లూ కట్టుకున్నవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఒకే గుడ్డ మీద పని చేశారన్నమాట. బట్ట అధ్యయనంలో మనసును తాకే సంగతులు ఇలాంటివే.

అంత బట్ట నేసిన చోట పాత బట్ట ఎంత మిగిలింది? 1866లో లండన్ ఇండియా ఆఫీసులో పనిచేసిన ఫోర్బ్స్ వాట్సన్ భారతదేశపు బట్టల నమూనాలు 700 కత్తిరించి 18 సంపుటాల్లో అతికించాడు. మాంచెస్టర్ మిల్లులకు ఇక్కడ ఏం అమ్ముడుపోతుందో తెలియడం దాని ఉద్దేశం. మనల్ని దెబ్బ కొట్టడానికి సేకరించిన ముక్కలే ఈ రోజు చదువుకోవడానికి మిగిలిన మంచి ఆధారాల్లో ఒకటి కావడం బాధగా ఉంటుంది. ఇంటి బీరువాల్లోని చీరలకు వేరే గతి పట్టింది. జరీలో వెండి ఉంటుంది కనుక 'పాత పట్టుచీరలు, జరీ చీరలు కొంటాం' అంటూ వీధిలోకి వచ్చేవాళ్లకు అవి పోయాయి. వాళ్లు అంచు కత్తిరించి కాల్చి వెండి తీసుకుంటారు. అమ్మమ్మ పెళ్లినాటి వెంకటగిరి చీర అలా కొన్ని గ్రాముల వెండిగా మారిన ఇళ్లు ఎన్నో. అవసరానికి అమ్మినవాళ్లను తప్పుపట్టలేం. అమ్మేముందు కొంగు మూల మూడు వేళ్ల వెడల్పు ముక్క కత్తిరించి దాచుకోమని చెప్పేవాళ్లు లేకపోవడమే లోటు.

కూలి చేసుకునేవాళ్ల కోకల సంగతి ఇంకా కష్టం. చీర పాతబడితే ఉయ్యాల, తర్వాత పసిపిల్లల పొత్తిగుడ్డ, తర్వాత మసిగుడ్డ. మ్యూజియంలో రాణుల చీరలుంటాయి, పొలంలో నాట్లేసిన కోక ఉండదు. శిల్పాల్లో కట్టు తీరు తెలుస్తుంది కానీ పోగు లెక్క తెలియదు. ఒకే ఒక్క చోట మాత్రం మామూలు బట్ట ఎవరూ అనుకోకుండా భద్రంగా దాగింది. అది బొంత. నాలుగైదు పాత చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంతలో పై పొరలు వెలిసి చిరిగి ఉంటాయి. లోపలి పొరకు ఎండ తగల్లేదు, రాపిడి తగల్లేదు. కుట్లు విప్పితే యాభై ఏళ్ల నాటి ఆకుపచ్చ, ఇంకా పచ్చగానే ఉంటుంది. పన్నా కొలవచ్చు, అంగుళానికి పోగులు లెక్కపెట్టవచ్చు, అంచు ఏ నాడెతో నేశారో చూడవచ్చు. ఒక భూతద్దం, ఒక స్కేలు, ఒక గుండుసూది ఉంటే చాలు. డిగ్రీ పిల్లలు సెలవుల్లో చేయగల పరిశోధన ఇది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి, చీరాల, వేటపాలెం బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. నెల్లూరు జిల్లాకు కోవూరు పక్కన పాటూరు మగ్గాలు మిగిలాయి. ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో, 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం పెన్న ఒడ్డున ఉంది. ఆ రోజుల్లో రాట్నం తిప్పడం అక్కడ నిత్యకృత్యం. బట్టను చదివేవాళ్లకు ఈ జిల్లాల గీతలు అడ్డు కాకూడదు. చీరాల నుంచి సూళ్లూరుపేట దాకా ఒకే ఇసుక, ఒకే ఉప్పుగాలి, ఒకే రైలుమార్గం. నూలు, రంగు, పనివాళ్లు ఆ దారి వెంటే తిరిగారు.

వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట చేనేత సాంకేతిక సంస్థ నడుస్తోంది. అక్కడ మగ్గం విద్య నేర్పుతారు. దానితోపాటు నూలు పని చేసే ఇళ్లకు వెళ్లి పాళ్లు, మాటలు రాసుకునే పని కూడా ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి. అడగాల్సినవి పెద్ద ప్రశ్నలేమీ కావు. గంజి దేనితో కాస్తారు, ఎంతసేపు? కండె తడిగా పెడతారా, పొడిగానా? పోగు తెగితే ఏ ముడి వేస్తారు? ఈ పని ఎవరి దగ్గర చూసి నేర్చుకున్నారు? ఆ ముడి పేరు వేటపాలెంలో ఒకటి, పాటూరులో ఇంకొకటి అయితే రెండూ రాసుకోవాలి.

వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. వందేళ్ల నాటి పత్రికల కోసం ఇప్పటికీ దూరప్రాంతాల నుంచి పరిశోధకులు అక్కడికి వస్తారు. కాగితాన్ని అంత శ్రద్ధగా దాచిన ఊళ్లో, చుట్టూ మగ్గాలున్న ఊళ్లో, బట్టకు కూడా ఒక బీరువా ఉండటం ఎంతో అవసరం. బొంతలోంచి తీసిన ముక్క, జరీ కొంగు మూల, కుప్పడం అంచు కలిసిన చోటు, ఒక్కోటి ఒక్కో అట్ట మీద కుట్టి, పక్కన అంగుళానికి పోగులు, ఏ ఊరిది, ఎవరు కండెలు చుట్టారు, ఎవరు కట్టుకున్నారు అని రాసిపెట్టాలి. అట్ట రెండు వైపులా తెరిచి ఉండాలి, చూసేవాళ్లు ముక్కను తిరగేసి వెనకవైపు వేలితో రాసి చూసుకునే వీలుండాలి.